తెలుగు కావ్యం నుంచి కేంబ్రిడ్జి వేదికకు

కాలేజీలో చేరగానే మన విద్యార్థులను భయపెట్టేది సెమినార్. పదిమంది ముందు నిలబడి ఇంగ్లీషులో మాట్లాడాలి. తెలుగులో చదివి వచ్చాం, మనవల్ల అవుతుందా అన్న బెంగతో కొందరు చివరి బెంచీకే పరిమితమవుతారు. అలాంటివారు తెలుసుకోవలసిన జీవితం కట్టమంచి రామలింగారెడ్డిది.

సి.ఆర్.రెడ్డిగా పేరొందిన ఆయన 1880 డిసెంబరు 10న చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టారు. పై చదువుకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. ఇప్పుడు తాంబరంలో ఉన్న ఆ కాలేజీ అప్పట్లో జార్జిటౌన్‌లో ఉండేది. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే. అయినా అక్కడి తెలుగు విద్యార్థులు ఆంధ్ర భాషాభిరంజని సమాజం నడుపుకునేవారు. ఆ సమాజం పెట్టిన పోటీ కోసం ఆయన రాసిన కావ్యమే 'ముసలమ్మ మరణం'. ఊరి చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ఇల్లాలి కథ అది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

తర్వాత ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్లారు. అక్కడి విద్యార్థుల చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్. ఒక తీర్మానం పెడతారు, అటూ ఇటూ వాదిస్తారు, చివర ఓట్లు లెక్కిస్తారు. బట్టీపట్టిన ఉపన్యాసం అక్కడ సాగదు. ఎదుటివారి మాట విని, అందులోని లోపం పట్టుకుని, అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. అలాంటి చోట రెడ్డిగారు వక్తగా పేరు తెచ్చుకుని ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు.

స్వదేశం వచ్చాక బరోడాలో, ఆపై మైసూరు మహారాజా కాలేజీలో పాఠాలు చెప్పారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. మధ్యలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ బాధ్యత చూశారు. మళ్లీ 1936 నుంచి 1949 వరకు రెడ్డిగారే. 1951లో కన్నుమూశారు.

ఇంగ్లీషులో అంత ఎత్తుకు వెళ్లినా ఆయన తెలుగును వదల్లేదు. పాశ్చాత్య విమర్శ పద్ధతులను ఒంటబట్టించుకుని 1914లో 'కవిత్వ తత్త్వ విచారము' వెలువరించారు. తెలుగు సాహిత్య విమర్శకు అది కొత్త దారి వేసింది.

ఉచ్చారణ, వ్యాకరణం సాధనతో వస్తాయి. విషయాన్ని అర్థం చేసుకుని, వరుసలో పేర్చి, వినేవారికి అందేలా చెప్పడం ఏ భాషలో నేర్చినా మరో భాషలో అక్కరకొస్తుంది. అందుకే విద్యార్థులారా, సెమినార్ ముందురోజు ఆ పాఠాన్ని ఇంట్లో అమ్మకో తమ్ముడికో తెలుగులో చెప్పి చూడండి. వాళ్లకు అర్థమైతే సగం పని అయినట్టే. మిగిలిన సగం ఇంగ్లీషు సాధన. మన బడి తెలుగు పిరియడ్‌లో నిలబడి మాట్లాడే ఐదు నిమిషాలనూ వృథా పోనివ్వకండి.