సర్పగంధ వేరుకు వైద్యలోకంలో చోటు కల్పించిన డాక్టర్ రుస్తుం జల్ వకీల్

1940ల నాటికి రక్తపోటును కొలవడం వైద్యులకు కొత్త కాదు. రష్యన్ శస్త్రవైద్యుడు కొరొట్కోవ్ 1905లో చూపిన పద్ధతిలో చేతికి పట్టీ కట్టి, స్టెతస్కోపు ఆనించి, పాదరసం మట్టాన్ని చూసి అంకె చెప్పేవారు. ఆ అంకె ఎక్కువగా ఉందని తేలాక ఏం చేయాలన్నదే తేలని ప్రశ్న. ఉప్పు మానిపించేవారు, విశ్రాంతి తీసుకోమనేవారు, మత్తుమాత్రలు ఇచ్చేవారు. వ్యాధి మరీ ముదిరితే నాడులను కత్తిరించే శస్త్రచికిత్సకు సిద్ధపడేవారు. 1945 ఏప్రిల్‌లో మెదడులో రక్తస్రావంతో మరణించిన రోజున అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్తపోటు 300/190. అంతటివానికే దొరకని మందు సామాన్య రోగికి దొరికే మాటే లేదు.

ఆ కాలంలోనే బొంబాయిలో ఒక యువ వైద్యుడు ఈ ప్రశ్నకు సమాధానాన్ని మన దేశపు మొక్క వేరులో వెదుకుతున్నారు. ఆయనే డాక్టర్ రుస్తుం జల్ వకీల్. 1911లో బొంబాయిలోని పార్సీ కుటుంబంలో జన్మించిన వకీల్ లండన్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1930ల చివర స్వస్థలానికి తిరిగివచ్చారు. కింగ్ ఎడ్వర్డ్ స్మారక ఆసుపత్రిలో వైద్యునిగా, గుండె వ్యాధుల నిపుణునిగా పేరు తెచ్చుకున్నారు.

సర్పగంధ ఆయన కనిపెట్టినది కాదు. ఆయుర్వేదం ఎరిగిన మూలిక అది. పాముకాటుకు, నిద్రలేమికి, మతిభ్రమణానికి ఆ వేరును వాడటం ఉత్తర భారతంలో, ముఖ్యంగా బీహారు, బెంగాల్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంది. 1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోని రసాయనాలను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అని నామకరణం చేశారు. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ప్రకటించారు. అయినా ఆ మాట దేశం ఎల్లలు దాటి పెద్దగా వినిపించలేదు.

వకీల్ పని ఇక్కడే మొదలైంది. రక్తపోటు గడియకో తీరుగా మారుతుంది. భయం, ఆందోళన, కోపం, చివరికి వైద్యుణ్ణి చూడటం కూడా దాన్ని పెంచుతాయి. కాసేపు కుదురుగా కూర్చుంటే మందు లేకుండానే కొంత తగ్గుతుంది. ఒక్కసారి చూసిన అంకెను నమ్మి, తగ్గినదంతా మందు మహిమే అనుకుంటే పొరపాటు తప్పదు. అందుకే ఆయన రోగులను జాగ్రత్తగా ఎంచుకున్నారు. మందుకు ముందు, మందు వాడుతుండగా, ఆపిన తరువాత కూడా కొలతలు తీశారు. ఏళ్ల తరబడి సాగిన ఈ పరిశీలనల నుంచి 50 మంది రోగుల ఫలితాలు 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వెలువడ్డాయి. చాలామందిలో రక్తపోటు దిగింది. మందు ఆపాక కూడా కొంతకాలం ఆ ప్రభావం నిలిచింది. నేటి ప్రమాణాలతో చూస్తే, పోల్చి చూడటానికి ఉత్తుత్తి మందు తీసుకునే రోగుల బృందం ఇందులో లేకపోవడం లోపమే. అయితే పాశ్చాత్య వైద్యులను ఈ వేరు వైపు తిప్పింది ఆ వ్యాసమే.

బోస్టన్‌లో డాక్టర్ రాబర్ట్ విల్కిన్స్ తన రోగులపై దీన్ని పరీక్షించారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా సంస్థ శాస్త్రవేత్తలు వేరులోని ప్రధాన ద్రవ్యం రిసర్పిన్‌ను వేరుచేశారు. మానసిక వైద్యంలోనూ అది పెను మార్పు తెచ్చింది. 1957లో అమెరికాలోని ప్రతిష్ఠాత్మక లాస్కర్ పురస్కారం వకీల్‌ను వరించింది. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. డాక్టర్ గోల్వాలాతో కలిసి ఆయన రాసిన రోగపరీక్షా గ్రంథం వైద్య విద్యార్థులకు సుపరిచితం.

పొగడ్తల వెనుకే చిక్కులూ వచ్చాయి. రిసర్పిన్ పెద్ద మోతాదులో వాడిన కొందరిలో తీవ్రమైన దిగులు కనిపించింది. ముక్కు దిబ్బడ, మగత సరేసరి. 1950ల చివర మూత్రం ద్వారా ఉప్పును బయటికి పంపే థయజైడ్ మందులు రావడంతో దాని ప్రాధాన్యం తగ్గుతూ వచ్చింది.

అయినా దాని పని పూర్తి కాలేదు. పైకి ఏ బాధా లేని రోగికి జీవితాంతం మందు ఇవ్వడం అవసరమా అన్న వాదన వైద్యుల్లో ఇంకా ఉండేది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో డాక్టర్ ఎడ్వర్డ్ ఫ్రీస్ జరిపించిన పరీక్ష 1967లో దీనికి జవాబు ఇచ్చింది. కింది అంకె 115 నుంచి 129 వరకు ఉన్న 143 మందిలో కొందరికి మందులు, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 70 మందిలో 27 మందికి తీవ్ర ఉపద్రవాలు రాగా, మందులు తీసుకున్న 73 మందిలో ఇద్దరికే వచ్చాయి. ఆ మందులు మూడు: ఒక థయజైడ్, హైడ్రలజీన్, సర్పగంధ నుంచి వచ్చిన రిసర్పిన్. వకీల్ 1974లో కన్నుమూశారు.