ఎదువార్ లూకా

ఫ్రాన్సు దేశీయుడగు ఎదువార్ లూకా పేరును మన పాఠకులలో కొందరు 'హనోయి గోపురము' అను ఆట మూలమున నెఱిగియుందురు. 1883లో ఆయన ప్రకటించిన ఆ ఆట లోకమంతట వ్యాపించినది. కాని ఆయన కీర్తికి అంతకంటె దృఢమైన ఆధారము వేఱొకటి కలదు.

లూకా 1842 ఏప్రిల్ 4వ తేదీన అమియా పట్టణమున జన్మించెను. పారిసులో విద్య ముగించి, అచ్చటి ఖగోళశాలలో లెవెర్యే పండితుని క్రింద పనిచేసెను. 1870లో ప్రష్యాతో యుద్ధము సంభవింపగా ఫిరంగిదళమున అధికారియై పోరాడెను. స్వదేశము పరాజయము నొందిన పిదప ఆయన పాఠశాలోపాధ్యాయుడై, మొదట మూలేలోను, తరువాత పారిసులోను గణితము బోధించెను.

తనచేతను, ఒకటిచేతను దక్క మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడనిది ప్రధాన సంఖ్య. 2ను 2చే పలుమారులు హెచ్చవేసి, వచ్చిన లబ్ధమునుండి 1 తీసివేసిన కొన్ని యెడల ప్రధాన సంఖ్య లభించును. అట్టివానిని గూర్చి 1644లో మెర్సెన్ అను క్రైస్తవ సన్యాసి యొక పట్టిక ప్రకటించెను. అందు 67 రెండుల సంఖ్యయు, 127 రెండుల సంఖ్యయు ప్రధానములని యుండెను. రెండువందల యేండ్లు గడచినను ఆ మాట నిజమో కాదో తేల్చినవారు లేరైరి. 127 రెండుల సంఖ్య 170141183460469231731687303715884105727. ముప్పదితొమ్మిది అంకెలు గలది. చిన్న సంఖ్యలచే నొక్కొక్కటిగా భాగించి చూడబోయిన వేయి మనుష్యాయుర్దాయములైనను చాలవు.

లూకా భాగించుట మాని వేఱొక మార్గము కనిపెట్టెను. 1930లో లేమర్ పండితుడు సంస్కరించిన రూపమున ఆ మార్గమిట్టిది. 5 రెండుల లబ్ధము 32. అందు 1 తీసిన 31. ఇది ప్రధానమా యని చూతము. 4ను వర్గముచేసి 2 తీసివేసిన 14. మరల నట్లే చేసిన 194; దానిని 31చే భాగింప శేషము 8. 8 వర్గమునుండి 2 తీసిన 62. ఇది 31చే నిశ్శేషముగా భాగింపబడుచున్నది గావున 31 ప్రధానమే. ఇచ్చట మెట్లు మూడు. రెండుల లెక్కకు రెండు తక్కువ. 127కు మెట్లు 125 మాత్రమే. అసాధ్యమైన పని శ్రమసాధ్యమైనది.

1876లో లూకా తన మార్గమున 127 రెండుల సంఖ్య ప్రధానమని నిరూపించెను. 67 రెండుల సంఖ్య ప్రధానము కాదనియు, మెర్సెన్ అచ్చట పొరబడెననియు ఆయనయే తేల్చెను. విశేషమేమన, దాని భాజకములలో నొక్కటియైనను ఆయనకు తెలియదు. భాజకము చూపకయే భాజ్యమని నిర్ణయించుట అపూర్వము. 1903లో అమెరికా పండితుడగు కోల్ 193707721ను 761838257287చే హెచ్చవేసి చూపగా లూకా మాట ప్రత్యక్షమయ్యెను.

అప్పటికి లూకా జీవించి లేడు. 1891లో ఒక విందున పగిలిన పళ్లెపు ముక్క చెంపకు తగిలి, ఆ గాయము విషమించి, అక్టోబరు 3వ తేదీన మృతినొందెను. వయస్సు నలువదితొమ్మిదేండ్లు.

ఇట్టి సంఖ్యలవలన ప్రయోజనమేమని యడుగువారు కలరు. వారికి మా సమాధాన మొక్కటియే. ఆయన సంఖ్యను మించిన ప్రధాన సంఖ్య 1951 వఱకు లోకమునకు తెలియలేదు. చేతిలెక్కతో సాధించినవానిలో నేటికిని అదియే పెద్దది. 2024లో గణనయంత్రముల సాయమున బయలుపడిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను ధ్రువపరచుటకును ఆయన మార్గమే శరణ్యమైనది. సంఖ్యలు ఒకదాని నొకటి మించిపోవును. సరియైన మార్గము నిలిచియుండును. పాఠశాలలో బోధించుచు, కాగితమును కలమును సాధనములుగా ఆ మార్గమును చూపిన లూకా చిరస్మరణీయుడని మేము తలంచుచున్నాము.