పందేన్ని ఊరి దగ్గరికి తెచ్చిన నవాబు

2016లో నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేదాకా మా అచ్చంపేట మహబూబ్‌నగర్ జిల్లాలోదే. ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్‌ది. ఆయన పేరు చెప్పగానే పులివేట, ఫలక్‌నుమా, ఒకసారి కట్టిన బట్ట మళ్ళీ కట్టడనే దర్జా గుర్తొస్తాయి. నాకైతే ఆయన గుర్రప్పందేల కథ వీటన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది.

ఆయన పుట్టింది 1866లో. తండ్రి పోయి 1869లో గద్దె ఎక్కేనాటికి మూడేళ్ళు కూడా నిండలేదు. పెద్దరికమంతా దివాను సాలార్‌జంగ్‌ది. 1884లో గానీ పూర్తి అధికారం చేతికి రాలేదు. అప్పటికే గుర్రాలంటే ప్రాణం.

హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. మౌలాలి అప్పట్లో నగరానికి బాగా దూరం. బండీ బగ్గీ ఉన్నవాళ్ళు తప్ప ఎవరు పోతారు చెప్పండి? 1886లో ఆయన ఆ మైదానాన్ని తన మహలుకు దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకు మార్పించాడు. తన సౌకర్యం కోసమే మార్చినా, పాతబస్తీ వాళ్ళకి అది కాలినడకన పోయేంత దూరమైంది. పైగా కోడిగుడ్డు ఆకారపు బాట. దూసుకుపోయిన గుర్రాలు చుట్టు తిరిగి మళ్ళీ మన ముందుకే వస్తాయి. నిలబడ్డ చోటు నుంచే పందెమంతా చూడొచ్చు.

జనానికి ఆయన మీదున్న నమ్మకం కూడా తక్కువది కాదు. పాము కరిస్తే ఆయన పేరు తలుచుకుంటే చాలు, విషం దిగుతుందనేవారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయినప్పుడు రాజమహళ్ళ తలుపులు జనానికి తెరిపించాడు. నదీమతల్లికి చీరె, పసుపు, కుంకుమ సమర్పించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి మనిషి మెచ్చిన ఆటంటే జనం మాత్రం చూడకుండా ఉంటారా? 1911లో, నలభై అయిదేళ్ళకే ఆయన కన్నుమూశాడు.

అయితే గుర్రంతో పాటు పందెం కూడా దగ్గరికొచ్చింది. గుర్రప్పందెం ఉత్త అదృష్టం కాదు, నేర్పు మీద ఆధారపడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బాగానే ఉంది. కానీ ఆ నేర్పు గుర్రానిదీ, దాన్ని తోలేవాడిదీను. జీతం డబ్బులు తీసుకెళ్ళి కాసిన మనిషి చేతిలో ఏముంది? నవాబు ఓడితే ఖజానాలో చిన్న గీత పడుతుంది. గుమాస్తా ఓడితే ఆ నెల పాలవాడికీ, కిరాణా కొట్టుకీ జవాబు చెప్పుకోవాల్సింది ఇల్లాలే. ధర్మరాజు జూదానికి ద్రౌపది పడ్డ బాధ మనకు తెలియనిది కాదుగా!

పిల్లల్ని తీసుకెళ్ళి గుర్రాల పరుగు చూపిస్తే తప్పేం లేదు. కొత్త వినోదం ఏది వీధిలోకొచ్చినా, చూడ్డానికి ఎంత, ఓడితే ఎంత అని రెండు లెక్కలూ వేసుకుని మరీ బయల్దేరదాం. ఏమంటారు?