చర్చి వెలేసింది.. ఆ కవే క్రీస్తు కథ రాశారు! బెజవాడ నాస్తికుల ఇంటితో వియ్యమందిన జాషువా

హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వచ్చిందంటే చాలు.. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో కునికిపాట్లు పడేవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు! జనం అంతగా మెచ్చిన ఆ శ్మశానం పద్యాలు గుర్రం జాషువావని చాలామందికి తెలుసు. ఆయన క్రైస్తవుడనీ తెలుసు. కానీ సొంత మతం వాళ్లే ఆయన్ను బయటికి పంపేశారన్న సంగతి ఎందరికి తెలుసు?

జాషువా 1895 సెప్టెంబర్ 28న గుంటూరు జిల్లా వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇద్దరూ క్రైస్తవం తీసుకున్నారు. కొడుక్కి బైబిల్లోని పేరే పెట్టుకున్నారు. మతం మారింది కదా, కులం పోయిందా అంటే.. పోలేదు. బడిలోనూ, బజార్లోనూ అదే చూపు, అదే దూరం.

పిల్లాడికేమో పద్యం పిచ్చి పట్టుకుంది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం చదువుకున్నారు. ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగితే వెళ్లి పద్యాలు చదివారు. ఈ కులం వాణ్ని సభలోకి ఎవరు రానిచ్చారంటూ కొందరు గొడవకు దిగారు. ఆ అవమానం జాషువా మనసులో జీవితాంతం ఉండిపోయింది.

పొట్టకూటి కోసం ఆయన చేయని పని లేదు. మిషన్ బడిలో చిన్న జీతానికి పంతులుగా చేశారు. రాజమండ్రిలో మూకీ సినిమాలు ఆడే హాల్లో తెర పక్కన నిలబడి జనానికి కథ, డైలాగులు చెప్పారు. ఆ తర్వాత గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ల ట్రైనింగ్ స్కూల్లో పదేళ్లు పాఠాలు చెప్పారు.

ఇంత కష్టంలోనూ పద్యం వదల్లేదు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. క్రైస్తవుడై ఉండి హిందూ పురాణాల మీద పద్యాలేంటని మత పెద్దలు నిలదీశారు. చివరికి సంఘం నుంచి బహిష్కరించారు. ఆ రోజుల్లో పేద క్రైస్తవుడికి సంఘం అంటే ఆదివారం ప్రార్థన ఒక్కటే కాదు. బడి, ఉద్యోగం, పిల్లల పెళ్లి, ఆఖరికి సమాధికి జాగా.. అన్నీ దాని చేతిలోనే. కులం పేరుతో హిందువులు దూరం పెట్టారు, పురాణం పేరుతో క్రైస్తవులు దూరం పెట్టారు. ఇక మనిషి ఎటు వెళ్లాలి?

జాషువా మెల్లగా నాస్తికత్వం వైపు జరిగారని ఆయన జీవితం గురించి రాసినవాళ్లు చెబుతారు. అయితే ఇది ఒక్క రాత్రిలో తలుపు మూసేసినట్టు జరిగిందేమీ కాదు. 1941లో వచ్చిన గబ్బిలం కావ్యమే చూడండి. తంజావూరు ప్రాంతపు ఒక అంటరాని పేదవాడు తన గోడు కాశీలో ఉన్న శివుడికి విన్నవించుకోవాలి. గుడిలోకి తనను రానివ్వరు. అందుకే గబ్బిలంతో కబురు పంపుతాడు. గుడి కప్పుకు తలకిందులుగా వేలాడే జీవాన్ని ఏ పూజారి ఆపగలడు? కాళిదాసు యక్షుడికి మేఘం ఉంది, జాషువా పేదవాడికి గబ్బిలం దొరికింది. క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి శివుడికి పంపిన ఈ కబురులో ప్రార్థన ఉంది, నిలదీత కూడా ఉంది. దేవుడి మీద బొత్తిగా నమ్మకం లేనివాడు ఇంత పెద్ద ఫిర్యాదు రాస్తాడా అనిపిస్తుంది.

ఇక్కడ కథ కృష్ణా నది దాటి బెజవాడ వస్తుంది. అక్కడ గోరా ఉన్నారు.. గోపరాజు రామచంద్రరావు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, జంధ్యం తీసేసి, నాస్తికత్వం ప్రచారం చేస్తున్నందుకు కాకినాడలో లెక్చరర్ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని బెజవాడ పటమటకు మార్చారు. గోరా కొడుకు లవణం, జాషువా కూతురు హేమలత 1960 ప్రాంతంలో పెళ్లి చేసుకున్నారు. అలా చర్చి వెలేసిన కవి, దేవుడే లేడనే గోరా వియ్యంకులయ్యారు. రెండిళ్లకూ కలిసిన మాట ఒకటే, కులం పోవాలి.

మరి వియ్యంకుడిలా జాషువా కూడా దేవుణ్ని పూర్తిగా పక్కన పెట్టేశారా? అలాగైతే క్రీస్తు చరిత్ర కావ్యానికి జవాబు చెప్పలేం. సంఘం వెలేసిన మనిషే ఏసు జీవితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆ కావ్యానికే వచ్చింది. పాస్టర్ల మీద కోపాన్ని ఆయన క్రీస్తు మీద చూపలేదు. వడ్రంగి ఇంట పెరిగి, పేదల మధ్య తిరిగి, మత పెద్దల చేతిలో శిక్ష పడిన మనిషి కథ జాషువాకు పరాయిది ఎలా అవుతుంది?

అదే ఏడాది ఆయన శాసనమండలి సభ్యుడయ్యారు. 1970లో పద్మభూషణ్ వచ్చింది. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. విశ్వాసి అని ఒకరు, నాస్తికుడని ఇంకొకరు ఈ రోజుకీ ఆయన్ను తమవాడే అంటారు.

కూతురు హేమలత, అల్లుడు లవణం ఆ తర్వాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారు. తెల్లవాళ్లు దొంగల జాతి అని ముద్ర వేసి కుటుంబాలను తెచ్చి పెట్టిన ఊరు అది. అప్పట్లో ఆ సెటిల్‌మెంట్‌ను నడిపింది క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ. దశాబ్దాల తర్వాత అదే ఊళ్లో అవే కుటుంబాల గడప తొక్కి, దొంగతనాలు మానిపించే పని పెట్టుకున్నది ఈ నాస్తిక దంపతులు.