సైకాలజీ డాక్టరేట్.. ఎయిర్‌షిప్ కెప్టెన్!

మీరు చదివిన బ్రాంచి ఒకటి, చేతికొచ్చిన ఆఫర్ ఇంకొకటా? అయితే హ్యూగో ఎకెనర్ కథ చదవండి. 1868లో జర్మనీలోని ఫ్లెన్స్‌బర్గ్‌లో పుట్టారు. లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ అనే ప్రఖ్యాత ప్రొఫెసర్ దగ్గర సైకాలజీలో డాక్టరేట్ చేశారు. తర్వాత పత్రికలకు రాసేవారు.

అప్పట్లో కౌంట్ జెప్పెలిన్ అనే పెద్దాయన హైడ్రోజన్ నింపిన భారీ ఎయిర్‌షిప్‌లు ఎగరేస్తున్నారు. ఎకెనర్ ఆ ప్రయోగాలు చూసి, లోపాలన్నీ పేపర్లో రాసేశారు. అది చదివిన జెప్పెలిన్ నేరుగా ఆయన ఇంటికే వెళ్లి మాట్లాడారు. కొన్నాళ్లకు ఆ విమర్శకుడే కంపెనీ ప్రచారం చూసుకోసాగారు! 1911లో, నలభై దాటాక పైలట్ లైసెన్సు కూడా తెచ్చుకున్నారు.

దెబ్బ తగిలిందీ ఆ ఏడాదే. మే 16న డ్యూసెల్‌డార్ఫ్‌లో గాలి బలంగా ఉంది. ప్రయాణికులేమో ఎదురుచూస్తున్నారు. కాదనలేక షెడ్డులోంచి ఎయిర్‌షిప్‌ను బయటికి తీయించారు. గాలి దాన్ని ఎత్తి షెడ్డుకేసి కొట్టింది. అందరూ ప్రాణాలతో దిగారు గానీ, ఎయిర్‌షిప్ తుక్కయింది. ఇక ఆ తర్వాత, ఎవరెంత ఒత్తిడి తెచ్చినా వాతావరణం చూసుకోనిదే ఆయన కదిలేవారు కాదు.

1928లో 236 మీటర్ల 'గ్రాఫ్ జెప్పెలిన్'తో అట్లాంటిక్ దాటుతుంటే తుపానుగాలికి తోక రెక్క గుడ్డ చిరిగింది. బాగుచేయడానికి బయటికి పాకినవాళ్లలో ఆయన కొడుకు క్నూట్ ఒకడు. వేగం తగ్గిస్తే ఎయిర్‌షిప్ సముద్రం వైపు దిగిపోతుంది, పెంచితే వాళ్లను గాలి ఊడ్చేస్తుంది. ఆ తండ్రి పరిస్థితి మీరే ఊహించుకోండి! అందరూ క్షేమంగా లోపలికొచ్చారు. మరుసటి ఏడాది అదే ఎయిర్‌షిప్‌తో 21 రోజుల్లో ప్రపంచాన్ని చుట్టొచ్చారు.

1936 మార్చిలో హిట్లర్ ప్రచారం కోసం కొత్త ఎయిర్‌షిప్ 'హిండెన్‌బర్గ్'ను మరో కెప్టెన్ బలమైన గాలిలోనే లేపారు. తోక దెబ్బతింది. డ్యూసెల్‌డార్ఫ్ చూసిన మనిషి ఊరుకుంటారా? అందరి ముందే ఆ కెప్టెన్‌ను మందలించారు. ఫలితం? ఆయన పేరు పేపర్లలో కనపడకూడదని ప్రభుత్వం హుకుం జారీ చేసింది. ఒకప్పుడు దేశాధ్యక్ష పదవికి వినిపించిన పేరది!

1937లో అమెరికాలో హిండెన్‌బర్గ్ తగలబడి 36 మంది చనిపోయారు. దాంతో గ్రాఫ్ జెప్పెలిన్‌నూ ఆపేశారు. అప్పటికి అది 590 సార్లు ఎగిరి, 16 లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగింది. ఒక్క ప్రయాణికుడికీ గాయం కాలేదు. 1940లో దాన్ని విప్పేసి, లోహాన్ని యుద్ధానికి వాడుకున్నారు. ఎకెనర్ మరో పద్నాలుగేళ్లు బతికి, 1954లో అవి తయారైన ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లోనే కన్నుమూశారు.