కోవిల్పట్టి కొండయ్య రాజు గారు: మన గోడల మీది చిత్రకారుడు

కోవిల్పట్టి పేరు చెబితే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది కడలై మిఠాయి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ తరువాత అగ్గిపెట్టెలు, నల్లరేగడి పత్తి, హాకీ ఆట. చిత్రకళ సంగతి చాలామందికి తోచదు. అయితే దక్షిణ దేశంలో పూజ గదుల్లోనూ, అంగళ్ళలో గల్లాపెట్టెల పైనా వేలాడిన దేవుళ్ళ పటాల్లో ఎన్నో ఈ ఊళ్ళోనే పుట్టాయి. వాటిని వేసిన పెద్దాయన సి. కొండయ్య రాజు గారు. ఆయన మన తెలుగు వంశంవారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియాలని ఆయన జీవితాన్ని క్లుప్తంగా ఇక్కడ రాస్తున్నాము.

రాజు అనగానే విరుదునగర్ జిల్లాలో మనందరికీ రాజపాళయం తలపుకు వస్తుంది. కొండయ్య రాజు గారు అక్కడివారు కారు. 1898 నవంబరు 7న మద్రాసు మైలాపూరులో పుట్టారు. తండ్రి కుప్పుస్వామి రాజు గారు సిద్ధ వైద్యులు. విజయనగర, నాయకరాజుల కాలాల్లో తెలుగునాటి నుంచి దక్షిణానికి వచ్చి, తంజావూరులో బంగారు రేకులు, రంగురాళ్ళు పొదిగి దేవతల పటాలు తయారుచేసిన కుటుంబాలకు రాజు అన్న పేరే ఉంది. కొండయ్య రాజు గారి కళకు మూలం ఆ సంప్రదాయమే.

పుట్టుకతో వచ్చిన విద్యకు ఆయన చదువు కూడా జోడించారు. 1850లో మొదలైన మద్రాసు ఆర్టు స్కూలులో చేరారు. అక్కడ నేర్పేది పాశ్చాత్య పద్ధతి. మనిషిని ఎదుట కూర్చోబెట్టి గీయడం, వెలుగునీడలు చూపడం, దూరాన ఉన్నది చిన్నదిగా, దగ్గరిది పెద్దదిగా వేయడం. తంజావూరు పటంలో నీడ ఉండదు, దూరం ఉండదు, దేవుడు మాత్రమే ఉంటాడు. ఈ రెండు పద్ధతులూ ఆయన చేతిలో కలిశాయి.

చదువు ముగిశాక స్థిరమైన ఉద్యోగం చూసుకుని మద్రాసులో ఉండిపోలేదు. తిరువణ్ణామలై వెళ్ళి రమణ మహర్షి సన్నిధిలో కొంతకాలం గడిపారు. మహర్షి చిత్రం కూడా వేశారు. ఆ విరాగం ఆయనను కడదాకా విడిచిపెట్టలేదు. పెళ్ళి చేసుకోలేదు. శిష్యులే ఆయనకు సంసారం.

తరువాత నాటక కంపెనీలో తెరలు వేసే పనికి కుదిరారు. ఈ కాలపు పిల్లలకు ఆ పని గురించి కొంచెం చెప్పాలి. రాజసభ, అడవి, వీధి, నదీతీరం, కైలాసం, ఇలా ఒక్కొక్క రంగానికి ఒక్కొక్క పెద్ద గుడ్డ తెర ఉండాలి. వెనుక వరుసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా స్తంభాలూ మెట్లూ నిజంగా ఉన్నట్టు కనిపించాలి. దీపాల వెలుతురుకు రంగు వెలవెలబోకూడదు. కంపెనీ ఊరూరా తిరిగేది. తెరలు చుట్టుకుని, రంగుల డబ్బాలు పట్టుకుని చిత్రకారులూ వెంట తిరిగేవారు. కొండయ్య రాజు గారి దగ్గర పని నేర్చుకున్న కుర్రవాళ్ళు కొందరు ఈ తిరుగుడులోనే ఆయనకు దగ్గరయ్యారు.

సినిమా వచ్చాక నాటక కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. వీరి కంపెనీ 1940ల మొదట్లో కోవిల్పట్టిలో ఉండగా చెదిరిపోయింది. నటులు తలొక దారీ పట్టారు. ఆయన మాత్రం శిష్యులతో ఇక్కడే నిలిచిపోయారు. ఫొటోలు తీయడం, చిత్రాలు వేయడం రెండూ జరిగే స్టూడియో నడిచింది. టి.ఎస్. సుబ్బయ్య, ఎం. రామలింగం, టి.ఎస్. మీనాక్షిసుందరం, టి.ఎస్. అరుణాచలం, ఎం. శ్రీనివాసన్, శెణ్బగరామన్ వంటివారు ఆయన శిష్యుల్లో పేరు తెచ్చుకున్నవారు. వాళ్ళలో చాలామంది తమిళులు. గురువు ఇంటిభాష ఒకటి, శిష్యుల ఇంటిభాష మరొకటి. ఆ తేడా పనికి అడ్డం రాలేదు.

కోవిల్పట్టిలో నిలవడం ఆయనకు ఎలా కలిసొచ్చిందో చూడాలంటే శివకాశి వైపు చూడాలి. బస్సెక్కితే గంట, గంటన్నర దూరం. వానలు తక్కువ, సేద్యం అంతంతమాత్రం అయిన ఆ ఊళ్ళో 1920లలో అగ్గిపెట్టెల పరిశ్రమ మొదలైంది. పెట్టెకు లేబులు కావాలి, టపాసుల కట్టకు లేబులు కావాలి. లేబుళ్ళ కోసం లితో ప్రెస్సులు వచ్చాయి. ప్రెస్సులు పెరిగాక కేలండర్లు అచ్చయ్యాయి. కేలండరుకు బొమ్మ కావాలి. ఆ బొమ్మ వేయగల చెయ్యి పక్క ఊళ్ళోనే ఉంది.

విరుదునగర్ పప్పుల మండీ అయినా, మదురై జవుళి దుకాణమైనా కొత్త సంవత్సరానికి ఖాతాదారులకు కేలండరు ఇవ్వడం ఆనవాయితీ. పైన దేవుడి బొమ్మ, కింద అంగడి పేరు, దాని కింద రోజుకొకటి చింపే తేదీ కాగితాలు. డిసెంబరు ముగిశాక తేదీలు అయిపోతాయి, బొమ్మ మిగులుతుంది. దాన్ని పారవేయడానికి మన అవ్వలకు మనసొప్పేది కాదు. కత్తిరించి, అద్దం కట్టించి, పసుపు కుంకుమ పెట్టి పూజ గదిలో ఉంచేవారు. రవివర్మ 1894లో ప్రెస్సు పెట్టి దేవతలను అచ్చు కాగితం మీదికి తెచ్చారు. కొండయ్య రాజు గారు, ఆయన శిష్యులు వేసిన దేవతలు, డబ్బు పెట్టి పటం కొనలేని ఇంటికి కూడా ఉచితంగా వచ్చి చేరారు.

ఆయన బొమ్మను గుర్తుపట్టడం కష్టం కాదు. రవివర్మ దేవతలు చాలాచోట్ల మన ఇళ్ళ ఆడవాళ్ళలా పక్కకు చూస్తూ, ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటారు. కొండయ్య రాజు గారి గజలక్ష్మి, వల్లీ దేవసేనలతో ఉన్న మురుగన్ గుడిలో ఉత్సవమూర్తుల్లా అలంకరించుకుని సూటిగా మనవైపే చూస్తారు. నగల్లో తంజావూరు నిండుతనం, ముఖంలో ఆర్టు స్కూలు వెలుగునీడలు, వెనుక కొండలు, కొలను, మండప స్తంభాల్లో నాటకం తెర. మీనాక్షి కల్యాణం బొమ్మను ఎదురుగా చూస్తే, తెర లేచి రంగస్థలం మీద అందరూ నిలబడ్డట్టే ఉంటుంది. ఆయన పడ్డ కష్టంలో ఏదీ వృథా పోలేదని ఆ బొమ్మలే చెబుతాయి.

ఇంకొక విశేషం కింద మూలన కనిపిస్తుంది. ఎన్నో బొమ్మల మీద ఆయన పేరుతో పాటు శిష్యుడి పేరు కూడా ఉంటుంది. ఒకదాని మీద సుబ్బయ్య, మరొకదాని మీద రామలింగం. శిష్యుడు వేసినదానికి గురువు ఒక్కడే సంతకం పెట్టుకున్న కథలు లోకంలో చాలా ఉన్నాయి. ఇక్కడ ఇద్దరి పేర్లూ అచ్చయ్యాయి. అందుకే ఆయన తరువాత కూడా శిష్యులకు ప్రెస్సుల్లో పని దొరికింది, కోవిల్పట్టి పేరు నిలిచింది.

1976 జూలై 27న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత ఆఫ్‌సెట్ యంత్రాలు, కంప్యూటర్ బొమ్మలు వచ్చాయి. ఇప్పటికీ శివకాశిలో ఆడి పద్దెనిమిదినాడు వచ్చే ఏటి కేలండర్ల ఆల్బములు విడుదల చేస్తారు. కెనడా దేశపు పరిశోధకుడు స్టీఫెన్ ఇంగ్లిస్ ఆయన కళ గురించి పరిశోధించి రాశారు. ఒకప్పుడు బజారు బొమ్మలని తీసివేసిన కేలండరు చిత్రాలను ఇప్పుడు పెద్ద నగరాల్లో అద్దాల వెనుక పెట్టి చూపుతున్నారు.

ఆ నగరాల ప్రదర్శనకు అసలు సరుకు మన అటకల మీద ఉంది. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టుకుంటున్న రోజులివి. చెద పట్టిన పటాలు గుడి రావిచెట్టు కింద వదిలేస్తున్నారు. అవి వానకు తడిసి పోతున్నాయి. కాగితం ఒకసారి పోతే మళ్ళీ రాదు.

అందుచేత మన కుటుంబాలకు మా మనవి. ఇంట్లో పాత పటం ఉంటే కింది మూల చూడండి. సి. కొండయ్య రాజు అన్న పేరు కనిపిస్తే పటం చట్రం విప్పకండి, లామినేషన్ చేయించకండి, తడిగుడ్డతో తుడవకండి. పగటి వెలుతురులో ఫొటో తీయండి. ఏ అంగడి కేలండరో, ఏ సంవత్సరమో, ఇంటికి ఎవరు తెచ్చారో ఒక కాగితం మీద రాసి ఉంచండి. నవంబరు 7 ఆయన పుట్టినరోజు. ఆ వారంలో కోవిల్పట్టిలో ఒకరోజు, విరుదునగర్‌లో ఒకరోజు ఈ పటాలను ఒకచోట చేర్చి చూపాలని మా సంఘం కోరిక. పటం మీదే, సాయంత్రానికి మీ ఇంటికే తిరిగి చేరుతుంది. తెలుగు, తమిళం రెండింటిలోనూ పేర్లు రాసి పెడదాం. గురువు పేరు పక్కన శిష్యుల పేర్లూ తప్పకుండా ఉండాలి.