రేడియో అన్నయ్య

చెమ్మచెక్కవంటి ఆటపాటలు చదువుకు ఆటంకమని పెద్దలు తలచిన కాలంలో, వాటినే చదువుకు సోపానాలుగా మలచినవారు న్యాయపతి రాఘవరావుగారు. 1905లో బరంపురంలో జన్మించిన ఆయన, సతీమణి కామేశ్వరిగారితో కలిసి మద్రాసు రేడియోలో బాలల కార్యక్రమాలు నిర్వహించారు. తెలుగునాట వారు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులు. పిల్లలకు పాట వినిపించి ఊరుకోక, పిల్లలచేతనే పాడించడం వారి పద్ధతి.

1940లో ఆంధ్ర బాలానంద సంఘం వెలసింది. 1945లో ‘బాల’ పత్రిక వెలువడింది. బాలుడైన బాపు బొమ్మకూ, ముళ్లపూడి వెంకటరమణ కథకూ తొలుత చోటిచ్చింది ఆ పత్రికే. 1956లో ఆ దంపతులు హైదరాబాదు చేరి, అక్కడా ఆ కృషి సాగించారు. 1984లో రాఘవరావుగారు కీర్తిశేషులయ్యారు.

వసంతం ముగిసే వేళ, గుంటూరు సీమలో మిరపకల్లాల చెంత పిల్లలు చేతులు చరుస్తూ పాడుకుంటే, అదీ విద్యేనని ఉపాధ్యాయులు గుర్తించడమే ఆయనకు తగిన నివాళి.